స్పీకర్ పలుకుతోంది, లోపలి మైక్ మాత్రం లేదంటోంది: రియల్‌టెక్ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా అంతే

కడప_ఫైనలియర్ (ఎర్రముక్కపల్లి, కడప)

అందరికీ నమస్తే. ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ తీసేసి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించినా. దాంట్లో విండోస్ 11 కొత్తగా ఎక్కించినారు. అప్పట్నుంచి లోపలి మైక్ పనిచేయడం లేదు. వివరాలు ఇవి:

ప్రాసెసర్ ఇంటెల్ 11వ తరం ఐ5, ర్యామ్ 8 జీబీ, గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియాది వేరేగా ఉంది. స్పీకర్లు బాగానే మోగుతున్నాయి. మైక్ ఉన్న ఇయర్‌ఫోన్ పెడితే ఆ మైక్ కూడా పనిచేస్తోంది. ఇయర్‌ఫోన్ పీకేస్తే సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ కింద ఒక్క డివైస్ కూడా కనబడదు. కెమెరా బాగుంది. డివైస్ మేనేజర్‌లో యాడా పసుపు గుర్తు లేదు.

విండోస్ ఎక్కించిన రోజు అసలు సౌండే రాలేదంట. షాపాయన డివైస్ మేనేజర్‌లో ఏదో మార్చి, ఒక డ్రైవర్ ప్యాక్ సాఫ్ట్‌వేర్ వేసి స్పీకర్ తెప్పించినారు. మైక్ సంగతి అడిగితే "మైక్ పోయింది, యూఎస్‌బీ మైక్ కొనుక్కో" అన్నారు.

నేను చేసినవి: ట్రబుల్‌షూటర్ నడిపినా, ప్రైవసీలో మైక్రోఫోన్ యాక్సెస్ మూడు స్విచ్‌లూ ఆన్ చేసినా, రియల్‌టెక్ (సౌండ్ చిప్) డ్రైవర్ మూడుసార్లు తీసి వేసినా. శనివారం గూగుల్ మీట్‌లో ఇంటర్వ్యూ ఉంది. మైక్ నిజంగా పోయిందా, డ్రైవర్ సమస్యనా? ఎట్లా తెలుసుకోవాలి?

బెంచ్_కర్నూలు

తమ్ముడూ, యూఎస్‌బీ మైక్ ఇప్పుడే కొనొద్దు. నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది.

ఇయర్‌ఫోన్ మైక్ పనిచేస్తోంది, లోపలి మైక్ జాబితాలోనే లేదు. ఈ రెండూ ఒకే దారిలో వచ్చే మైకులు కావు. 3.5 ఎంఎం జాక్‌లో పెట్టే మైక్ అనలాగ్‌ది. దాని తీగ నేరుగా బోర్డు మీది రియల్‌టెక్ చిప్‌కి పోతుంది. స్పీకర్ కూడా ఆ చిప్ నుంచే. నీ తరం ల్యాప్‌టాప్‌లలో కెమెరా పక్కన సూదిబెజ్జాల్లాంటి రంధ్రాల వెనక ఉండే మైకులు డిజిటల్‌వి. చాలా మోడళ్లలో వాటి సిగ్నల్ రియల్‌టెక్ చిప్ గడప తొక్కదు. ప్రాసెసర్ వైపు ఇంటెల్ చిప్ లోపలే ఒక చిన్న ఆడియో ప్రాసెసర్ ఉంటుంది, తిన్నగా దాంట్లోకి పోతుంది. దాన్ని నిద్ర లేపేది ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ డ్రైవర్. అది లేకపోతే ఆ మైక్ ఉందన్న సంగతే విండోస్‌కి తెలీదు. అందుకే రియల్‌టెక్ డ్రైవర్ మూడుసార్లు కాదు, ముప్పైసార్లు వేసినా మైక్ రాదు. మందు మంచిదే, కానీ రోగం ఇంకోచోట ఉంది.

షాపులో ఏం జరిగి ఉంటుందో కూడా చెప్తా, ఎందుకంటే ఇది చాలామందికి ఇట్లాగే జరుగుతోంది. కొత్త విండోస్ ఎక్కగానే విండోస్ అప్‌డేట్ తనంతట తాను స్మార్ట్ సౌండ్ బస్ (చిప్‌లు మాట్లాడుకునే దారి) డ్రైవర్ని తెచ్చి పెడుతుంది. అప్పుడు రియల్‌టెక్ చిప్ కూడా ఇంటెల్ బస్ కింద, వేరే హార్డ్‌వేర్ ఐడీతో (విండోస్ ఆ చిప్‌ని గుర్తుపట్టే నంబరుతో) కనబడుతుంది. పాత తరం జనరల్ రియల్‌టెక్ ప్యాకేజీలో ఆ ఐడీ ఉండదు కాబట్టి అది అతుక్కోదు, సౌండ్ రాదు. దీనికి యూట్యూబ్‌లో బాగా తిరిగే చిట్కా ఒకటుంది: డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్‌కి పోయి, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ మీద అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, జాబితాలోంచి మైక్రోసాఫ్ట్ వాళ్ల "హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్" ఎంచుకోమంటారు. చేస్తే స్పీకర్ వెంటనే మోగుతుంది, అందరూ థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. ఆ క్షణంలోనే లోపలి మైక్ తెగిపోయిందని మొదటి మీటింగ్ దాకా ఎవరూ గమనించరు. డ్రైవర్ సక్రమంగానే ఉందని విండోస్ నమ్ముతుంది కాబట్టి పసుపు గుర్తు కూడా రాదు.

నిర్ధారణకి రెండు విషయాలు చూసి ఇక్కడ రాయి.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరువు. "సిస్టమ్ డివైసెస్" విప్పి, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ పేరుతో ఏమన్నా ఉందా, లేక "హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్" ఉందా చూడు. తర్వాత "సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్"లో రియల్‌టెక్ మీద డబుల్ క్లిక్ చేసి, డీటెయిల్స్ ట్యాబ్‌లో ప్రాపర్టీ జాబితాలోంచి "హార్డ్‌వేర్ ఐడీస్" ఎంచుకో. మొదటి వరుస "ఇంటెల్ ఆడియో" అని మొదలైతే ఒక అర్థం, "హెచ్‌డీ ఆడియో" అని మొదలైతే ఇంకో అర్థం.

పాత మోడళ్ల వాళ్లు ఇది చదివి తికమకపడొద్దు. 6వ, 7వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో లోపలి మైక్ కూడా రియల్‌టెక్ చిప్‌కే కలిపి ఉంటుంది. వాటికి ఈ లెక్క వర్తించదు. ఏఎండీ రైజెన్ వాళ్లు స్మార్ట్ సౌండ్ బదులు సిస్టమ్ డివైసెస్‌లో "ఏఎండీ ఆడియో కోప్రాసెసర్" ఉందో లేదో చూసుకోవాలి.

కడప_ఫైనలియర్

చూసినా అన్నా. సిస్టమ్ డివైసెస్‌లో స్మార్ట్ సౌండ్ అనేదే లేదు. "హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్" రెండు ఉన్నాయి, రెండిట్లోనూ డ్రైవర్ ప్రొవైడర్ మైక్రోసాఫ్ట్ అని ఉంది. రియల్‌టెక్ హార్డ్‌వేర్ ఐడీ "హెచ్‌డీ ఆడియో" అనే మొదలవుతోంది, తర్వాత వెండర్ 10ఈసీ, డివైస్ 0256 అని ఉంది. రెండు కంట్రోలర్లు ఎందుకున్నాయో అర్థం కాలేదు.

బెంచ్_కర్నూలు

అనుకున్నదే. 10ఈసీ అంటే రియల్‌టెక్ కంపెనీ నంబరు. ముందర "హెచ్‌డీ ఆడియో" అని ఉందంటే చిప్ ఇప్పుడు మైక్రోసాఫ్ట్ బస్ కింద ఉంది. స్మార్ట్ సౌండ్ వచ్చినాక అదే వరుస "ఇంటెల్ ఆడియో" అని మారుతుంది, పని అయిందనడానికి అదే గుర్తు.

రెండు కంట్రోలర్లలో ఒకటి ఇంటెల్‌ది, ఒకటి ఎన్‌విడియా కార్డులోని హెచ్‌డీఎంఐ సౌండ్‌ది. ఒక్కోదాని హార్డ్‌వేర్ ఐడీ చూడు. 8086 ఉన్నది ఇంటెల్, 10డీఈ ఉన్నది ఎన్‌విడియా. ఎన్‌విడియా దాన్ని ముట్టుకోవద్దు, దానికీ మైక్‌కీ సంబంధం లేదు.

ఇప్పుడు చేయాల్సింది. వరుస ముఖ్యం, మధ్యలో దాటేయొద్దు.

మొదట డ్రైవర్లు దించుకో. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ పేరుతో కాదు, సీరియల్ నంబరుతో వెతుకు. ఒకే మోడల్ పేరు కింద మూడు నాలుగు రకాల బోర్డులు అమ్ముతారు, మోడల్ పేరుతో వెతికితే పక్క బోర్డు ఆడియో ప్యాకేజీ చేతికొస్తుంది. అడుగున స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) మొదటి పేజీలోనే సీరియల్ నంబరు ఉంటుంది. మూడు ఫైళ్లు కావాలి: చిప్‌సెట్, సీరియల్ ఐఓ (బోర్డు మీది చిన్న చిప్‌లతో మాట్లాడే ఇంటెల్ డ్రైవర్), ఆడియో. చాలా కంపెనీలు ఆడియో ప్యాకేజీలోనే రియల్‌టెక్, స్మార్ట్ సౌండ్ రెండూ కలిపి ఇస్తాయి. కొన్ని మాత్రం స్మార్ట్ సౌండ్‌ని విడిగా పెడతాయి, పేజీ చివరిదాకా చూడు.

తర్వాత వైఫై ఆపు. ఆపకపోతే నువ్వు ఒకటి తీసే లోపల విండోస్ అప్‌డేట్ తనకు తోచింది ఇంకోటి పెట్టేస్తుంది.

సెట్టింగ్స్‌లో యాప్స్‌కి పోయి ఆ డ్రైవర్ ప్యాక్ సాఫ్ట్‌వేర్ని తీసేయ్. తర్వాత డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ మీద కుడి క్లిక్ చేసి "అన్‌ఇన్‌స్టాల్ డివైస్" నొక్కు. వచ్చే పెట్టెలో డ్రైవర్ని కూడా తీసేయాలా అని అడిగే టిక్ ఒకటి ఉంటుంది, దాన్ని తప్పకుండా పెట్టు. మూడుసార్లు రియల్‌టెక్ తీసి వేసినా అన్నావు కదా, ఈ టిక్ పెట్టకపోతే తీసినట్టే కాదు. ఫైళ్లు విండోస్ డ్రైవర్ గోదాములో అట్లాగే ఉండి, మళ్లీ అదే పాతది ఎక్కుతుంది. తీసినాక పైన యాక్షన్ మెనూలో "స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్" కొట్టు. మళ్లీ రియల్‌టెక్ అని వస్తే ఇంకో పాత వెర్షన్ దాగి ఉందన్నమాట, మళ్లీ తీయ్. "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అనే మైక్రోసాఫ్ట్ పేరు మిగిలేదాకా చేయాలి.

అది మిగిలినాక చిప్‌సెట్ వేయి, సీరియల్ ఐఓ వేయి, రీస్టార్ట్ చేయి. తర్వాత ఆడియో ప్యాకేజీ వేసి మళ్లీ రీస్టార్ట్ చేయి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయొద్దు, రీస్టార్టే చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ అంటే విండోస్ తన లోపలి స్థితిని డిస్క్‌లో దాచిపెట్టి, ఆన్ చేయగానే అదే తెచ్చుకుంటుంది. డ్రైవర్లు మొదట్నుంచి లోడ్ అయ్యేది రీస్టార్ట్‌లోనే.

తర్వాత కూడా సిస్టమ్ డివైసెస్‌లో 8086 ఉన్న కంట్రోలర్ పేరు మారకపోతే, షాపులో చేసినదాన్ని వెనక్కి తిప్పాలి. దాని మీద అప్‌డేట్ డ్రైవర్, "బ్రౌజ్ మై కంప్యూటర్", "లెట్ మీ పిక్" నొక్కితే జాబితా వస్తుంది. అందులో "ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ బస్" ఎంచుకో. ఎంచుకోగానే స్పీకర్ కూడా పోతుంది, గాబరా పడొద్దు. రీస్టార్ట్ చేసి ఆడియో ప్యాకేజీని ఇంకోసారి నడిపిస్తే రెండూ కలిసి వస్తాయి. ఒకవేళ ఆ పేరు జాబితాలో లేకపోతే, ప్యాకేజీ సెటప్ ఫైల్ని సెవెన్ జిప్‌తో ఒక ఫోల్డర్‌లోకి విప్పు. అప్‌డేట్ డ్రైవర్‌లో ఆ ఫోల్డర్ చూపించి "ఇన్‌క్లూడ్ సబ్‌ఫోల్డర్స్" టిక్ పెట్టు.

ఒక్క హెచ్చరిక, నీ ప్రాసెసర్ 11వ తరం కాబట్టి. స్మార్ట్ సౌండ్ డ్రైవర్ 10.29.0.5152, 10.30.0.5152 అనే రెండు వెర్షన్లు 11వ తరం ప్రాసెసర్ ఉన్న విండోస్ 11 మెషిన్లలో బ్లూ స్క్రీన్ తెచ్చినాయి. మైక్రోసాఫ్ట్ అట్లాంటి మెషిన్లకి విండోస్ 11 అప్‌గ్రేడ్‌నే కొంతకాలం ఆపేసింది. చివరి నంబరు 5714 గానీ అంతకంటే పెద్దది గానీ అయితే భయం లేదు. ఇక్కడ చాలామంది పొరబడేది మధ్య నంబరు చూసి. 29 కంటే 30 కొత్తదనుకుంటారు. కాదు, చూడాల్సింది చివరి నాలుగంకెలే. డ్రైవర్ ట్యాబ్‌లో వెర్షన్ కనబడుతుంది, వేసినాక చూసి చెప్పు.

ఉబుంటు_అనంత (అనంతపురం)

పైన అన్న చెప్పినది మొదలుపెట్టే ముందు మైక్ ముక్క బతికుందా లేదా అని తేల్చుకోవచ్చు. ఇంటర్వ్యూ దగ్గరపడింది కాబట్టి ఇది ముందు చేయడం మేలు.

8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఉబుంటు 24.04 (విండోస్ లాంటిదే, ఉచిత లినక్స్) ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ చేసుకోండి. దాన్నుంచి బూట్ చేసి "ట్రై ఉబుంటు" ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేయొద్దు, మీ ఎస్‌ఎస్‌డీ జోలికి అది పోదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా ఉబుంటు బూట్ అవుతుంది, దాన్ని ఆపకండి. బయోస్‌లో ఏమన్నా మార్చాల్సి వస్తే, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉన్న మెషిన్లలో ముందే 48 అంకెల రికవరీ కీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఉబుంటు సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి ఇన్‌పుట్‌లో "డిజిటల్ మైక్రోఫోన్" ఎంచుకుని మాట్లాడండి. పక్కనున్న గీత మీ మాటకు తగ్గట్టు ఊగితే మైక్ ముక్క, తీగ, బోర్డు మూడూ బాగున్నట్టే. ఇక తప్పంతా విండోస్ డ్రైవర్‌ది.

ఇంకో సూచన ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి మైకులు కెమెరా ఉన్న చిన్న పట్టీ మీదే ఉంటాయి, కెమెరా తీగతోపాటే కీలు దగ్గర్నుంచి కిందికి దిగుతాయి. కెమెరా, మైక్ రెండూ ఒకేసారి పోతే తీగ ఊడిందో, మూత తెరిచి మూసీ నలిగిందో అనుకోవాలి. మీకు కెమెరా బాగుంది, మైక్ మాత్రం జాబితాలోనే లేదు. అది డ్రైవర్ వైపే చూపిస్తోంది.

లినక్స్ వాడేవాళ్లకి కూడా ఒక మాట, ఎందుకంటే వాళ్లూ ఇదే గుంటలో పడుతున్నారు. సౌండ్ రాక "డమ్మీ అవుట్‌పుట్" అని కనబడితే, ఇంటెల్ డీఎస్‌పీ (పైన చెప్పిన చిన్న ఆడియో ప్రాసెసర్) డ్రైవర్ ఆప్షన్‌ని 1కి మార్చమని పాత సలహాలు చెప్తాయి. 1 అంటే పాత పద్ధతి హెచ్‌డీ ఆడియో. స్పీకర్ వస్తుంది, డిజిటల్ మైక్ పోతుంది. విండోస్‌లో షాపాయన చేసిన పనీ, ఇదీ ఒకటే. సరైన దారి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి ఆ ఆప్షన్ తీసేయడం, లేదా 3 పెట్టడం.

నోట్స్_అండ్_మీట్స్ (కర్నూలు)

ఇదే దారంలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. నా మైక్ పనిచేస్తుంది గానీ చార్జర్ పెట్టగానే అవతలివాళ్లకి "గుయ్" మని ఒకటే మోత. ఇయర్‌ఫోన్ మైక్ వాడితే ఇంకా ఎక్కువ. చార్జర్ పీకితే నిశ్శబ్దం. డ్రైవర్ మార్చాలా?

ఉబుంటు_అనంత (అనంతపురం)

చార్జర్ పీకగానే పోయే మోత డ్రైవర్‌ది కాదండి, ఎర్తింగ్‌ది. ఫార్మాట్లు చేసి టైమ్ పాడుచేసుకోకండి.

అడాప్టర్ లోపల కరెంటు వైపుకీ ల్యాప్‌టాప్ వైపుకీ మధ్య నాయిస్ అణచడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా జారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది ల్యాప్‌టాప్ ఒంటి మీదే నిలబడుతుంది. మెటల్ బాడీ మీద వేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే సన్నగా జుమ్మన్నట్టు, గరుకుగా తగిలేది అదే. ఇయర్‌ఫోన్ తీగలో మైక్ సిగ్నల్ చాలా బలహీనం, దానికి తోడు అదే గ్రౌండ్ తీగ పంచుకుంటుంది కాబట్టి 50 హెర్ట్జ్ మోత దాంట్లోకి సులువుగా దూరుతుంది.

మన దిక్కున ఇది ఎక్కువ కావడానికి కారణం కూడా ఉంది. ఎర్త్ గుంతలో తేమ ఉంటేనే అది పనిచేస్తుంది. ఎర్రనేల, కింద రాయి, వానలు తక్కువ. ఎండాకాలం వచ్చేసరికి గుంత ఎండిపోతుంది. బొగ్గూ ఉప్పూ వేసి కట్టిన గుంతకి వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయాలని పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఇందుకే.

మొదట చూడాల్సింది అడాప్టర్ తీగ. మూడు పిన్నులు ఉండాల్సినచోట రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టి వాడుతుంటే అది తీసేయండి. తర్వాత వేరే గది సాకెట్లో పెట్టి చూడండి. అక్కడా అదే మోత అయితే ఎలక్ట్రీషియన్ని పిలిచి మల్టీమీటర్‌తో చూపించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపు వస్తుంది, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. ఎర్త్ వైపు తక్కువగా, ఊగుతూ వస్తే తీగ తెగినట్టో, గుంత ఎండినట్టో. ఎర్త్ లేదని సాకెట్లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్‌కి కలిపే వాళ్లున్నారు, దానికి ఎప్పటికీ ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజు మీ ల్యాప్‌టాప్ ఒళ్లంతా ఫేజ్ అవుతుంది.

అర్జెంటు మీటింగ్ ఉంటే బ్యాటరీ మీద నడపండి, అంతే.

బెంచ్_కర్నూలు

అనంత చెప్పినది అక్షరాలా నిజం. జాక్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు కలుపుతా.

స్పీకర్ మూగబోయి, ఏమీ పెట్టకపోయినా హెడ్‌ఫోన్ అని చూపిస్తుంటే డ్రైవర్ కంటే ముందు జాక్ చూడండి. లోపల చిన్న స్ప్రింగ్ ఆకు ఉంటుంది. పిన్ దూరినప్పుడు అది పక్కకి వంగి, హెడ్‌ఫోన్ వచ్చిందని చిప్‌కి చెప్తుంది. దుమ్ము పేరుకుని, చెమటకి చిలుము పట్టి అది వంగినచోటే ఇరుక్కుంటే, ల్యాప్‌టాప్ ఎప్పటికీ హెడ్‌ఫోన్ ఉందనే అనుకుంటుంది. మెషిన్ ఆపి, చార్జర్ పీకి, ఇయర్‌ఫోన్ పిన్నుకే రెండు చుక్కలు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి, పది పదిహేనుసార్లు దూర్చి తీయండి. పది నిమిషాలు ఆరనిచ్చి ఆన్ చేయండి. శానిటైజర్ వాడొద్దు, దాంట్లో గ్లిజరిన్ ఉంటుంది, జిగురు మిగులుతుంది. గుండుసూది అసలే పెట్టొద్దు.

కెమెరా పక్కనున్న మైక్ రంధ్రాల్లోనూ సూది పెట్టకూడదు. లోపలి పొర వెంట్రుకకంటే పల్చన, ఒక్క పోటుకి పోతుంది. బ్లోయర్ గాలి కూడా కొట్టొద్దు. పెయింటింగ్ వేసే మెత్తటి కుంచెతో పైపైన తుడిస్తే చాలు. కెమెరా మీద ప్రైవసీ స్టిక్కర్ అంటించినవాళ్లు ఆ స్టిక్కర్ అంచు మైక్ రంధ్రాన్ని మూస్తోందేమో ఒకసారి చూసుకోండి. మాట బావిలోంచి వచ్చినట్టుందని తెచ్చే ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి మందు ఆ స్టిక్కర్ పీకడమే.

మైక్ జాబితాలో ఉండి కూడా గీత కదలకపోతే కీబోర్డు మీద మైక్ మ్యూట్ కీ వెలిగి ఉందేమో చూడాలి. కొన్ని బిజినెస్ మోడళ్లలో బయోస్‌లోనే మైక్రోఫోన్‌కి ఆన్, ఆఫ్ ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు అది తప్పకుండా చూడాలి.

నోట్స్_అండ్_మీట్స్ (కర్నూలు)

రెండు పిన్నుల కన్వర్టరే పెట్టి ఉంది! తీసేసి మూడు పిన్నుల సాకెట్లో పెడితే మోత ముప్పావు వంతు తగ్గింది. మిగతాది ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తా. ఇంకొక్కటి: బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాటలు బాగుంటాయి, మీటింగ్ మొదలవగానే పాత రేడియోలా వస్తుంది. అదీ ఎర్తేనా?

ఉబుంటు_అనంత (అనంతపురం)

కాదండి. బ్లూటూత్‌లో పాటలకి ఒక పద్ధతి, ఫోన్ మాటలకి ఇంకో పద్ధతి ఉన్నాయి. మామూలు హెడ్‌సెట్లు రెండూ ఒకేసారి చేయలేవు. హెడ్‌సెట్ మైక్ ఆన్ కాగానే మొత్తం మాటల పద్ధతికి దిగిపోతుంది. అది మోనో, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మాత్రమే. మీటింగ్ యాప్‌లో స్పీకర్‌గా హెడ్‌సెట్‌నీ, మైక్‌గా ల్యాప్‌టాప్ లోపలి మైక్‌నీ ఎంచుకోండి. స్టీరియో తిరిగొస్తుంది.

కడప_ఫైనలియర్

వచ్చింది అన్నా!

ముందు ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో చూసినా, డిజిటల్ మైక్రోఫోన్ గీత ఊగింది. అక్కడే సగం ధైర్యం వచ్చింది. తర్వాత విండోస్‌లో మీరు చెప్పిన వరుసలోనే చేసినా. టిక్ పెట్టి తీస్తే రియల్‌టెక్ రెండుసార్లు మళ్లీ వచ్చింది, మూడోసారికి మైక్రోసాఫ్ట్ పేరు మిగిలింది. ఆడియో ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేసినా కంట్రోలర్ పేరు మారలేదు, "లెట్ మీ పిక్" దారిలో స్మార్ట్ సౌండ్ బస్ ఎంచుకోవాల్సి వచ్చింది. మీరన్నట్టే స్పీకర్ పోయింది, ప్యాకేజీ మళ్లీ వేస్తే రెండూ వచ్చినాయి. ఇప్పుడు రియల్‌టెక్ ఐడీ "ఇంటెల్ ఆడియో" అని మొదలవుతోంది. స్మార్ట్ సౌండ్ వెర్షన్‌లో చివరి నంబరు 5714 దాటే ఉంది. ఇన్‌పుట్‌లో "మైక్రోఫోన్ అరే" (లోపలి మైకుల వరుస) అని కనబడుతోంది.

మాట కొంచెం చిన్నగా పోతోంది, టేబుల్ ఫ్యాన్ ఉంటే మధ్యమధ్యలో మాట తెగుతోందని స్నేహితుడు అన్నాడు. దానికేం చేయాలి?

బెంచ్_కర్నూలు

సంతోషం తమ్ముడూ. శనివారానికి ఇంకా టైముంది.

సౌండ్ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ అరే తెరిచి ఇన్‌పుట్ వాల్యూమ్ 80 నుంచి 90 మధ్య పెట్టు. 100 పెడితే గట్టిగా మాట్లాడినప్పుడు గొంతు పగిలినట్టు వస్తుంది. ఫార్మాట్ 48000 హెర్ట్జ్ ఉండనీ. డిజిటల్ మైక్‌కి "బూస్ట్" గీత కనబడకపోతే కంగారు పడొద్దు, అది జాక్ మైక్‌కే ఉండేది.

మాట తెగడానికి కారణం, నాయిస్ తీసే పని ఇద్దరు చేస్తుండడం. డ్రైవర్ ఒకసారి తీస్తుంది, గూగుల్ మీట్ ఇంకోసారి తీస్తుంది. ఫ్యాన్ గాలితో పాటు నీ మాటల చివర్లు కూడా కోసుకుపోతాయి. అదే పేజీలో "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్" ఆఫ్ చేసి, మీట్‌లోది మాత్రం ఉంచు. టేబుల్ ఫ్యాన్ గాలి స్క్రీన్‌కి ఎదురుగా కొట్టకుండా పక్కకి తిప్పు, రంధ్రాల మీద నేరుగా తగిలే గాలిని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా తీయలేదు. మెషిన్ వేడెక్కితే లోపలి ఫ్యాన్ మోత కూడా మైక్‌లోకి పోతుంది కాబట్టి పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద పెట్టి కూర్చో. ఆ రోజు ఇయర్‌ఫోన్ కూడా చేతికందేచోట ఉంచుకో.

శనివారం లోపల విండోస్ అప్‌డేట్ వచ్చి మళ్లీ కెలకకుండా సెట్టింగ్స్‌లో అప్‌డేట్స్‌ని ఒక వారం పాజ్ చేయి. ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత మైక్ మాయమైతే మొదట స్మార్ట్ సౌండ్ బస్ డ్రైవర్ ట్యాబ్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" వెలిగి ఉందేమో చూడు, ఒక్క నొక్కుతో పోయే పని అది. దించుకున్న ఆ మూడు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పైన సీరియల్ నంబరు రాసి అంటించు. ఈసారి ఎవరు విండోస్ ఎక్కించినా అది చేతికిచ్చి ఇవే వేయమను.